కాటా తీగకి ఇద్దరు ఆసాములు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. మా ఇంట్లో అడగండి, మా కాటా దగ్గరికి సరుకు తెచ్చే రైతుల్ని అడగండి, అందరూ ఇదే చెప్తారు. మనుషుల మీద వచ్చే కోపం కాసేపటికి చల్లారిపోతుంది, టీ తాగితే పోతుంది. కానీ మొన్నామధ్య ఒక తీగ మీద వచ్చిన కోపం నన్ను ఎన్ని టీలు తాగినా వదల్లేదు. ఆ తీగ వల్ల ఒక పిల్ల ఉద్యోగం పోబోయింది మరి.

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు వైపు, రేకుల షెడ్డులో మా సొసైటీ కొనుగోలు కేంద్రం ఉంది. ఏజెన్సీ కొండల నుంచి జీపుల మీదా, ఆటోల్లోనూ చింతపండు, పసుపు, మిరియాలు, కొండచీపుళ్ళు దిగుతాయి. సంత రోజైతే కాలు పెట్టడానికి చోటుండదు. తూకం వెయ్యడం, బిల్లు కొట్టడం, సరుకు గోడౌన్‌కి పంపడం మా పని. అక్కడ కంప్యూటర్ చూసుకునేది నేను. పెళ్ళికి ముందెప్పుడో చేసిన డిప్లొమా, ఆ తర్వాత పడుతూ లేస్తూ నేర్చుకున్నదీ, అంతే నా చదువు.

నా పక్క కుర్చీలో ఒక అమ్మాయి. మాకవరపాలెం దగ్గర పల్లెటూరు. పుట్టుకతోనే చూపు లేదు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ దాకా చదువుకుంది. మా దగ్గర చేసేదే మొదటి ఉద్యోగం. బలిఘట్టంలో చిన్న గది అద్దెకి తీసుకుని, పొద్దున్నే ఆటో ఎక్కి నాకన్నా ముందే వచ్చి కూర్చునేది. కంప్యూటర్ ముందు ఆమెకి ఒక బ్రెయిలీ పలక ఉంటుంది. తెర మీద ఏం రాసుంటే అది ఆ పలక మీద చిన్న చిన్న చుక్కలై పైకి లేస్తుంది, ఆమె వేళ్ళతో తడిమి చదువుతుంది. మాట్లాడే ప్రోగ్రాములు ఉన్నాయి కదా అంటారు కొందరు. మా షెడ్డులో సంత రోజున వచ్చి నిలబడమనండి వాళ్ళని. పక్కవాడి మాటే వినపడదు, కంప్యూటర్ మాటేం వినపడుతుంది!

మా కాటా దగ్గర ఒక పద్ధతుంది. బరువు ఒక్కరే చూడాలి. చూసినవాళ్ళు షెడ్డంతా వినపడేలా కేకెయ్యాలి. సరుకు తెచ్చిన మనిషి “ఔను” అనాలి. ఆ మాట వచ్చేదాకా బస్తా దించకూడదు. ఎవరు పెట్టారో తెలీదు, నేను చేరేసరికే ఉంది. కొండ మీంచి వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడో తూకాల్లో మోసపోయి ఉన్నారు. వాళ్ళకి తెర మీద అంకె చూపించి ప్రయోజనం లేదు, కేక వినాలి. ముల్లు కాటా మీద తూచినన్నాళ్ళూ ముల్లు చూసి కేకేసేది నేను. విని కంప్యూటర్‌లో కొట్టేది ఆ అమ్మాయి. ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదు, నేనే గొంతు పోయి ఒకసారి తప్పు కేకేశాను.

ఇలా బాగానే సాగుతుండగా సొసైటీ వాళ్ళు కొత్త ఎలక్ట్రానిక్ కాటా కొన్నారు. నేల మీద పరిచినట్టుండే ఇనప పలక. బరువు దానంతట అదే కంప్యూటర్‌లోకి వెళ్ళాలి, చేత్తో ఎవరూ కొట్టకూడదని వాళ్ళ ఆలోచన. ఆలోచన మంచిదే, నేను కాదనను. కాటా బిగించడానికి విశాఖపట్నం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చురుకైనవాడే. కాటాకి సీరియల్ తీగ ఉంటుంది. అంకెలు ఒకదాని వెనకాల ఒకటి వరసగా వచ్చే పాతకాలపు దారి అది. ఇప్పటి కంప్యూటర్లకి ఆ కన్నం లేదు కాబట్టి, మధ్యలో యూఎస్‌బీకి మార్చే చిన్న ముక్క తగిలించాడు. బస్తా పెట్టాం. కంప్యూటర్‌లో ఏమీ లేదు. తీగ తీసి పెట్టాడు. తెర మీద కాటా పేరు కనపడినట్టే కనపడి మాయమైపోయింది.

మధ్యాహ్నం దాకా తల బద్దలు కొట్టుకుంటే దొంగ దొరికింది. బ్రెయిలీ ప్రోగ్రామే దొంగ. మా ఇద్దరి కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. అందులో బ్రెయిలీ పలకని నడిపే ప్రోగ్రాం ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. ఆమె పలక లోపల కూడా సరిగ్గా అలాంటి మార్చే ముక్కే ఉంది, అదే చిప్పు. దాంతో ఈ ప్రోగ్రాం కాటా తీగ పెట్టగానే “ఇదిగో ఇంకో బ్రెయిలీ పలక వచ్చింది” అనుకుని గభాలున పట్టేసుకుంటోంది. ఇంక బరువు తీసుకుని బిల్లు కొట్టే తూకం ప్రోగ్రాం వెళ్ళి తలుపు కొడితే లోపల మనిషున్నాడు.

కుర్రాడు ఫోన్‌లో వెతికి, నవ్వుతూ లేచాడు. “దొరికింది మేడం. నెట్లో అందరూ ఒకటే సెప్తున్నారు. ఈ బ్రెయిలీ ప్రోగ్రాం తీసేస్తే సరిపోద్దంట. ఎవరూ వాడరు కదా, ఊరికే ఉంటాదంట అది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎవరూ వాడరేటి? ఎదురుగుండా కూకుని వాడతంది, కనపడ్లేదా నీకు?” అన్నాను. పాపం, వాడికి అప్పుడు గుర్తొచ్చింది. మొహం ఎర్రబడిపోయింది. నెట్లో రాసినవాళ్ళకి తెలీదు, వీడు చూసి కూడా చూడలేదు. చెడ్డవాడు కాదు. అందరూ తీసేస్తున్నారంటే తీసెయ్యొచ్చనుకున్నాడు.

సాయంత్రం సొసైటీ అధ్యక్షులు గారు వచ్చారు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతారు, అందుకే ఆయన మాట అంటే నాకు భయం. అంతా విన్నారు. “వచ్చే సంతకి కాటా నడవాలమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ ప్రోగ్రాం తీసేద్దాం. అమ్మాయికి ఇంకేదైనా సీటు చూద్దాం. చూసేదాకా ఇంటి దగ్గర ఉంటుంది” అన్నారు. ఇంకో సీటు అంటే ఎక్కడ? మా సొసైటీకి కేంద్రాలే నాలుగు, అన్నిట్లోనూ మనుషులున్నారు. ఇంటి దగ్గర ఉండు అంటే వెళ్ళిపొమ్మనే. ఆ మాట ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

ఆయన వెళ్ళాక ఆమె మెల్లిగా అంది, “తీసెయ్యండక్కా. నా కోసం కాటా ఆపడం బాగోదు.”

“నోర్ముయ్” అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు. “తీగ తగాదా తీగల మధ్య. నువ్వెందుకు వెళ్ళిపోతావు మధ్యలో? రేపు బేగి రా, సూద్దాం.”

ఆమె నవ్వింది గానీ, అది ఒప్పుకున్న నవ్వు కాదు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు ఆ ప్రోగ్రాంకి ఏది తన పలకో ఏది కాదో తెలియాలి. రెండు ముక్కల్లోనూ ఒకే చిప్పు, ఒకే పేరు. చూడ్డానికి కవలపిల్లలు. మనిషైతే మొహం చూసి గుర్తుపడతాడు, కంప్యూటర్‌కి మొహం లేదు. చాలాసేపు కుస్తీ పట్టాక ఒక సంగతి తెలిసింది. తగిలించిన వస్తువు పేరే కాదు, ఏ కన్నంలో తగిలించామో కూడా కంప్యూటర్‌కి తెలుస్తుంది. అంతే, ఎడం పక్క కన్నం బ్రెయిలీ పలకది, వెనక కన్నం కాటాది అని రాసి పెట్టాం. వెనక కన్నం జోలికి వెళ్ళొద్దని బ్రెయిలీ ప్రోగ్రాంకి ఆజ్ఞ. కన్నాల పక్కన చేత్తో తడిమితే తెలిసేలా ఆమె ఫెవికాల్ బొట్టు పెట్టింది, ఎవరైనా తీగలు మార్చేస్తారని.

కాటా తీగ పెట్టాం. మాయమవ్వలేదు. బస్తా పెట్టాం. తూకం ప్రోగ్రాంలో అంకె ఠంచనుగా వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. ఇద్దరం చెరో జీడిపాకం ముక్కా తిన్నాం.

అప్పుడామె అడిగింది, “మరి నేనేటి సెయ్యాలక్కా?”

ఇదివరకు నేను కేకేస్తే ఆమె కొట్టేది. ఇప్పుడు బరువు దానంతట అదే పడుతోంది. కొట్టడానికి ఏమీ లేదు. పలక నిలబడింది, పని పోయింది. తనే అంది. “బరువు నా వేళ్ళ కిందకీ వస్తే నేనే కేకేస్తాను. మీరు బస్తాలు సూసుకోవచ్చు. నాకు గొంతుంది కదా.”

గొంతుందా! షెడ్డు రేకులు అదిరే గొంతు ఆమెది. ఆ మాట నాకెందుకు తట్టలేదో.

వెంటనే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. కాటా పోర్టు, అంటే ఆ తీగలోంచి అంకెలు వచ్చే గుమ్మం, తెరిచి బరువు చదివి, బ్రెయిలీ పలకకి పంపుతుంది. తూకం ప్రోగ్రాం పక్కన అదీ నడుస్తుంది. కొన్ని సిస్టమ్‌లు పోర్టు ఒకరు పట్టుకుంటే రెండోవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వవు. లినక్స్ అలా కాదు, గట్టిగా చెప్పకపోతే ఇద్దర్నీ లోపలికి రానిస్తుంది. రానిస్తే మంచిదే కదా అనుకున్నాను. చింతపండు బస్తా ఎక్కించాం. కాటా పక్కన ఉన్న ఎర్రంకెల పెట్టెలో ముప్ఫై ఆరు పాయింట్ ఎనిమిది సున్నా. తూకం ప్రోగ్రాం అరవై కిలోలు అంది. ఆమె వేళ్ళ కింద మూడు పాయింట్ ఎనిమిది.

“మూడు కిలోల ఎనిమిది వందలంటక్కా బస్తా. గాలి నింపుకొచ్చారేటి?” అని పగలబడి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మళ్ళీ పెట్టాం, ఇంకో పిచ్చి లెక్క. బుర్ర గోక్కుంటూ కూర్చుంటే అర్థమైంది. ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టాను నేను. ఏ చుక్క ఏ బిందెలో పడితే అది దానిదే, రెండోదానికి ఆ చుక్క ఇంక లేదు. మూడు ఇటొచ్చింది, ఆరు అటెళ్ళింది, పాయింటూ ఎనిమిదీ ఇటు, సున్నా అటు. కాటా ఒక్కసారే చెప్తుంది, ఇద్దరూ వినాలని దానికేం తెలుసు?

పోనీ వంతులేసుకుని చదవమంటే, ఒకడు చదివేసరికి బస్తా దిగిపోతోంది. రెండు రోజులు అలాగే పోయాయి. సంత దగ్గరికొచ్చేసింది. కుర్రాడు ఫోన్ చేసి “ఏమైంది మేడం, తీసెయ్యమంటారా?” అని మర్యాదగానే అడిగాడు. నేను మర్యాద లేకుండా పెట్టేశాను.

ఆ మర్నాడు రోలుగుంట వైపు నుంచి ఒక జీపు నిండా పసుపు వచ్చింది. కొత్త కాటా ఇంకా మా చేతుల్లోనే చిక్కుపడి ఉంది కాబట్టి, ముల్లు కాటా మీదే వేస్తున్నాం. తెచ్చినవాళ్ళందరూ కాటా మీద పడిపోయారు. ఒకాయన వంగి చూస్తాడు, ఇంకొకామె ఆయన భుజం మీంచి తొంగి చూస్తుంది, ఆయన బరువెంత అంటే ఈవిడ కాదంటుంది. ముల్లు ఎవరికీ సరిగ్గా కనపడదు, గోల మాత్రం ఆకాశానికంటింది. నాకు ఒళ్ళు మండిపోయి అరిచాను.

“జరగండెహె! అందరూ మీద పడితే ఎవరికి కనపడతాది? ఒకళ్ళు సూత్తారు, కేకేత్తారు, మిగతావోళ్ళు నిలబడి వినండి!”

వాళ్ళు జరిగాక ముల్లు చూసి కేకేశాను, పసుపు తెచ్చినాయన “ఔను” అన్నాడు. అప్పుడు కుర్చీలోంచి ఆ అమ్మాయి గొంతు వినపడింది. “అక్కా! ఆ మాటే కంప్యూటర్‌కి సెప్పకూడదా?”

పసుపు బస్తా అలాగే కాటా మీద వదిలేసి ఆమె వైపు తిరిగాను. రోజూ నోరారా కేకేస్తూ కూడా నేను చూడని సంగతి అది. పోర్టు ఇద్దరికి పంచకూడదు. ఒక్కడికే ఇవ్వాలి. ఆ ఒక్కడూ చదివి, వినాలనుకున్నవాళ్ళందరికీ పూర్తి అంకె కేకెయ్యాలి. “నువ్వు బంగారానివే” అన్నాను. “అయితే ముందు పసుపు దించండి, ఆయన ఔను అని ఎంతసేపయింది” అంది.

కూర్చుని రాశాను. కాటా పోర్టు తెరిచేది ఒకే ఒక ప్రోగ్రాం. దానికి కేకల ప్రోగ్రాం అని పేరు పెట్టుకున్నాం. అది పోర్టులోకి వెళ్ళగానే తలుపేసుకుంటుంది, ఇంకెవర్నీ రానివ్వొద్దని సిస్టమ్‌కి గట్టిగా చెప్తుంది. బరువు మొత్తం వరస పూర్తయ్యాక చదివి, ఒక కాపీ బ్రెయిలీ పలకకి, ఒక కాపీ తూకం ప్రోగ్రాంకి. తూకం ప్రోగ్రాం మొండిది, పోర్టు తప్ప ఇంకోటి చూడనంటుంది. దానికి ఉత్తుత్తి పోర్టు ఒకటి చూపించాం, అది నిజమనుకుని అందులోంచి చక్కగా చదువుకుంటోంది. బస్తా పెట్టాం. పెట్టె మీద, తెర మీద, ఆమె వేళ్ళ కింద ఒకటే అంకె. తర్వాత షెడ్డులో దొరికిన ప్రతిదాన్నీ తూచాం. చీపుళ్ళ కట్ట, నా హ్యాండ్‌బ్యాగు, ఆఖరికి నేను. నా బరువు కూడా ఆమె షెడ్డంతా వినపడేలా కేకేసింది, దాని సిగ్గు తరగా!

సంత రోజు రానే వచ్చింది. అధ్యక్షులు గారు, కుర్రాడు, ఇద్దరూ వచ్చారు. సరిగ్గా వాళ్ళు గుమ్మంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక కేకల ప్రోగ్రాంని లేపితే, పోర్టు ఇంకెవరో వాడుతున్నారంది. పోర్టు నాది అని గుర్తుగా అది ఒక చిన్న ఫైలు పెడుతుంది, పని అయ్యాక తీసేస్తుంది. కరెంటు పోయినప్పుడు తియ్యడానికి టైమెక్కడిది? తాళం వేసినవాడు పోయాడు, తాళం మాత్రం ఉండిపోయింది. ఆ ఫైలు తీసేసి, మళ్ళీ లేపాను. ఈసారి లేచింది. తాళం వేసినవాడు బతికున్నాడో లేదో ముందు చూసుకొమ్మని ఆ తర్వాత దానికి నేర్పాను.

చింతపండు తెచ్చిన ఒక కొండావిడ బస్తా ఎక్కించింది. అమ్మాయి వేళ్ళు పలక మీద పెట్టింది. షెడ్డంతా చూస్తోంది. ఆమె కేకెయ్యలేదు.

ఇంకా కేకెయ్యలేదు. నేను కాటా పక్కన నిలబడి, లోపల్లోపల దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. కుర్రాడు తెర మీదికి వంగి, “అంకె నిలవట్లేదు సార్. ఊగుతోంది. పోర్టులో ఇంకా ఏదో కొట్టుకుంటోంది” అన్నాడు. అధ్యక్షులు గారు నా వైపు చూశారు. అయిపోయింది అనుకున్నాను. ఇంత చేసీ ఇక్కడ పోయింది.

ఆ అమ్మాయి తల కొంచెం పక్కకి వంచి, వేళ్ళు తియ్యకుండా అంది. “పోర్టు తేడా అయితే అంకెలు మాయమవుతాయండీ. ఏదీ మాయమవ్వలేదు. ఆఖరి అంకెలే ఊగుతున్నాయి. చింతపండు ఊగదు కదా.” కాటా పక్కన నా గాజుల గలగల వైపు తల తిప్పింది. “అక్కా, మీ కాలు తియ్యండి.”

కిందకి చూసుకున్నాను. కంగారులో ఎప్పుడు పెట్టానో ఏమో, నా కుడికాలు కాటా అంచు మీద ఉంది, గడగడ వణుకుతూ.

తీశాను. ఆమె గొంతెత్తి బరువు కేకేసింది, రేకులు అదిరేలా. తెర మీదా అదే. కొండావిడ నా కాలినీ, నా మొహాన్నీ చూసి నోటికి కొంగడ్డం పెట్టుకుని, “ఔను!” అంది. షెడ్డంతా గొల్లుమంది. అధ్యక్షులు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. “బావుందమ్మా. ఇలాగే కానియ్యండి” అని, అమ్మాయి వైపు తిరిగి, “నువ్వు కేకలాపకు, జనం ఉన్నారు” అన్నారు. కుర్రాడు కన్నాల పక్కన ఫెవికాల్ బొట్లు తడిమి చూసి, కేకల ప్రోగ్రాం తనకీ ఒక కాపీ ఇమ్మని అడిగాడు. ఇచ్చాను.

సాయంకాలం దాకా ఆమె కేకేస్తూనే ఉంది. జనం పల్చబడ్డాక గొంతు బొంగురుపోయి, మంచినీళ్ళు తాగి, ఫోన్ తీసి వాళ్ళమ్మకి చేసింది. ఆమె ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది కాబట్టి నాకంతా వినపడుతోంది.

“సామాను సర్దీసావేటే? రేపు మీ బాబు ఆటో తీసుకొస్తానంటన్నాడు” అంది అవతల్నుంచి తల్లి.

అప్పుడు తెలిసింది నాకు. ఉద్యోగం పోతుందని, గది ఖాళీ చేస్తానని ఇంట్లో ముందే చెప్పేసింది పిల్ల. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

“రావొద్దని సెప్పు. నేను రావట్లేదు” అంది. “ఆదివారం ఒస్తాను. సెలవుకి.”

“సెలవేటి?”

“ఉద్యోగం ఉన్నోళ్ళకి ఉంటాదే అమ్మా, ఆదివారం.”